చుట్టకు లేని పథ్యం

మా అక్క ఇంట్లో కొన్నేళ్ల పాటు పులుపన్నది గడప దాటి లోపలికి రాలేదు. చింతపండు లేదు, నిమ్మకాయ లేదు, మజ్జిగ లేదు. గోంగూర మాట సరేసరి. పల్నాటిలో గోంగూర లేని ఇల్లంటే ఆ ఇంట్లో ఏదో పెద్ద కష్టం ఉన్నట్టే లెక్క. మా అక్క ఇంట్లో ఉన్న కష్టం మా బావ ఆయాసం. రోగం ఆయనది, పథ్యం మాత్రం ఇద్దరిదీ.

ఇప్పుడు టీవీ పెడితే చాలు, ఎవరో ఒక నవ్వుల పిల్ల సీసా పట్టుకుని యాంటీ ఆక్సిడెంట్లు అంటుంది. టీ పొడి డబ్బా మీద అదే మాట, ముఖానికి రాసుకునే క్రీము మీద అదే మాట. నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాటకు అర్థం తెలిసి అమ్మేవాడెవడు, తెలిసి కొనేవాడెవడు? నేను ఆ మాట మొదటిసారి విన్నది ఎనభైల చివర్లో, నరసరావుపేటలో ఒక డాక్టరు గారి గదిలో. పక్కన మా అక్కా బావా కూర్చుని ఉన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి మా అక్కకు ముద్ద సయించలేదు. మళ్లీ సయించేదాకా జరిగిన సంగతి ఇది.

మా బావ లారీ డ్రైవరు. దాచేపల్లిలో కాపురం. సున్నపురాయి, సిమెంటు బస్తాలు, ఏ లోడు దొరికితే ఆ లోడు. ఎడమ చెయ్యి స్టీరింగు మీద, కుడి చేతిలో చుట్ట. దూరాలు ఆయన మైళ్లలో చెప్పేవాడు కాదు, చుట్టల్లో చెప్పేవాడు. "నరసరావుపేట ఎంతసేపు బావా?" అంటే "రెండు చుట్టలు. రైలు గేటు పడిందంటే ఇంకోటి" అనేవాడు. మంచి మాటకారి. టీకొట్టు దగ్గర ఆయన లారీ ఆగిందంటే పక్క లారీల వాళ్లు కూడా దిగి వచ్చేవాళ్లు, కబుర్లు వినడానికి. ఇంటికి ఆయన ఏ వేళ వచ్చినా మా అక్కకు చుట్ట వాసన ముందు తెలిసేది, మనిషి తర్వాత కనపడేవాడు. వీధి మలుపులో ఉండగానే పొయ్యి మీద ఎసరు పెట్టేది.

జబ్బు ఆ మాటల మీదే మొదట దెబ్బ తీసింది. టార్పాలిన్ తాడు బిగించడానికి లోడు మీదికి ఎక్కినవాడు దిగలేక అక్కడే కూర్చుండిపోయాడని ఎవరో చెబితే, ఎండదెబ్బ అనుకున్నాం. తర్వాత ఇంట్లో కూడా మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టాడు. ఆయన ఆగిన చోట మా అక్క అందుకుని ఆ మాట పూర్తి చేసేది. అదీ తనకు కావలసినట్టుగా.

"నేను రేపు మాచర్ల..." అని ఆయన ఆగితే,

"పోనంటున్నాడు. ఆ లోడు వద్దని చెప్పేశాడు" అనేది మా అక్క.

ఆయన చెయ్యి ఊపుతూ కాదు కాదు అనబోయేవాడు. నోరు తెరిచేసరికి దగ్గు. మేమంతా నవ్వేవాళ్లం. నవ్వు అయిపోయాక మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

గురజాల వైపు ఒక వైద్యుడు ఉండేవాడు. ఆయాసానికి ఆయన హస్తవాసి మంచిదని పేరు. నేనూ వెంట వెళ్లాను. ఏదో చూర్ణం ఇచ్చి, తేనెలో నాకమని, పథ్యం చెప్పాడు. పులుపు కూడదు. పెరుగూ మజ్జిగా కూడదు. ఆకుకూరలు కఫం. జామకాయ కఫం. బత్తాయి, నారింజ చలవ, వాటి వంక చూడనే కూడదు. పాత బియ్యపు అన్నం, బీరకాయ, పొట్లకాయ, మిరియాల పొడి, వాము నీళ్లు. మా అక్క ఒక్కొక్క దానికీ ఒక వేలు మడుస్తూ అన్నీ మనసుకు ఎక్కించుకుంది. బావ మాత్రం ఒకే ఒక్క సంగతి అడిగాడు, భయంభయంగా.

"మరి చుట్టో?"

"చుట్టకేంది? అన్నం తిన్నాక ఒకటి ఎలిగించు. కఫాన్ని కోస్తది" అన్నాడాయన. అని తనూ ఒకటి వెలిగించాడు.

నేను ఇప్పటికీ ఆ మనిషిని క్షమించలేదు. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది, అయినా సరే. జామకాయకు భయపడి నిప్పుకు తలుపు తీసిన వైద్యం ఎక్కడన్నా ఉందా? కానీ న్యాయంగా చెప్పాలంటే ఆ రోజు అక్కడున్న ఎవరికీ ఆ మాట తప్పుగా తోచలేదు. మా ఊళ్లల్లో ప్రతి ముసలాయనా అదే అనేవాడు, చుట్ట కఫాన్ని కోస్తుందని. పొద్దున్నే ఒకటి వెలిగిస్తే తెరలుతెరలుగా దగ్గు వచ్చి కాస్త కఫం పడేది. పడింది కాబట్టి చుట్ట మంచిదే అనుకునేవాళ్లు. ఆ కఫాన్ని పుట్టిస్తున్నదెవరని ఎవరూ అడగలేదు. దొంగే వచ్చి దొంగను పట్టిస్తానంటే నమ్మినట్టు.

మా అక్క పథ్యం చేయించడమంటే సామాన్యం కాదు. పెరట్లో గోంగూర మడి వేళ్లతో సహా పీకి పారేసింది. ఊరగాయ జాడీలన్నీ పక్కింటి వాళ్లకు ఇచ్చేసింది. ఆ పక్కింటి సాయిబు లారీల మెకానిక్. మేస్త్రీ అనేవాళ్లం. బావ లారీకి ఏ జబ్బు చేసినా ఆయనే వైద్యుడు. ఆయన భార్య జాడీలు అందుకుంటూ, "అక్కా, అన్నకు పథ్యం, సరే. నీకేమైంది? నీ వరకూ చిన్న గిన్నెలో ఉంచుకో" అందట.

"ఆయన నోరు కట్టేసి నేను ఎదురుగ్గా కూచుని గోంగూర కలుపుకుంటానా? నా నోట్లో మన్ను పడ" అందట మా అక్క.

అట్లా ఇద్దరూ చప్పిడి బీరకాయ కూరతో ఏళ్లు గడిపారు. ఒకసారి నేను దోరజామకాయలు సంచిలో వేసుకుని వెళ్తే గడప దగ్గరే ఆపేసింది.

"ఒరేయ్, ఏందిరా ఆ సంచిలో?"

"జామకాయలక్కా. నువ్వన్నా తింటావని..."

"మీ బావని చంపటానికొచ్చావా? పో, పక్కింట్లో ఇచ్చి రా పో. ఆ చేతులు కడుక్కోని రా."

జామకాయలు పట్టుకున్న పాపానికి చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాను. బావ మంచం మీద కూర్చుని చుట్ట కొన కొరుకుతున్నాడు. మా అక్క అగ్గిపుల్ల గీసి, గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, ఆయన మూతి దగ్గర పట్టుకుంది. ఎంత ప్రేమగా పట్టుకుందో. వైద్యుడు చెప్పాడు కదా.

ఇక్కడ నా సంగతి ఒక మాట చెప్పాలి. ఐదో తరగతితో బడి నన్ను వదిలేసింది కానీ పుస్తకాలు నన్ను వదల్లేదు. నరసరావుపేటలో కోర్టు దగ్గర నాకు బైండింగు కొట్టు ఉండేది. ప్లీడర్ల పుస్తకాలు, కాలేజీ వాళ్ల పుస్తకాలు కుట్టడానికి వచ్చేవి. చదవకుండా ఏ పుస్తకమూ కుట్టేవాణ్ని కాదు. అందుకే నా పని గట్టిది కానీ ఆలస్యమని పేరు. అట్లా అతుకులేసుకున్న చదువు నాది. పేటకు కొత్తగా వచ్చిన ఒక కుర్ర డాక్టరు గారు తన వైద్య పత్రికలు నా దగ్గరే కుట్టించుకునేవాడు. కూడబలుక్కుని చదివేటంత ఇంగ్లీషు నాకు వచ్చు. ఊపిరితిత్తుల బొమ్మ ఉన్న పేజీ ఒకటి తెరిచి పట్టుకుని, ఆయన కొట్టుకు వచ్చినప్పుడు ఒక మాటకు అర్థం అడిగాను. ఆయన అర్థం చెప్పలేదు.

"బాబాయ్, ఇంట్లో ఎవరికన్నా ఆయాసమా?" అన్నాడు.

అడిగినవాడి మొహం చూసి, అడగని సంగతి పట్టుకునే డాక్టర్లు ఎందరుంటారు? ఆ వారంలోనే అక్కనూ బావనూ పేటకు రప్పించాను.

డాక్టరు గారు బావ వీపు మీద వేళ్లతో తట్టి చూశాడు. గొట్టం పెట్టి విన్నాడు. ఎక్స్‌రే తీయించి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అప్పుడు అక్క వైపు తిరిగి, ఏం తింటాడని అడిగాడు. మా అక్క ఈ ప్రశ్న కోసమే ఏళ్ల తరబడి కాచుకున్నట్టు ముందుకు జరిగింది. పథ్యమంతా ఒక్కటి పొల్లుపోకుండా అప్పజెప్పింది. "పుల్లటి మెతుకు ఒకటి తగలనియ్యలేదు బాబూ" అని, క్లాసులో మొదట వచ్చిన పిల్లలాగా నిలబడింది.

ఆయన బావ వైపు తిరిగాడు. "చుట్టలు ఎన్ని కాలుస్తారు?" అని అడిగాడు.

"అన్నం తిన్నాక ఒకటి" అంది అక్క.

"అన్నం..." అని ఆగి, ఊపిరి పీల్చుకుని, "చానాసార్లు తింటాలే" అన్నాడు బావ.

డాక్టరు గారు నవ్వాడు. నవ్వి, కాగితం మీద బొమ్మ గీస్తూ చెప్పాడు. ఊపిరితిత్తుల లోపల తేనెపట్టులో మాదిరి చిన్న చిన్న గదులుంటాయట. ఆ గదుల్లో ఊడ్చే కణాలు తిరుగుతుంటాయి. దుమ్మూ ధూళీ వస్తే మింగేసి శుభ్రం చేయడం వాటి పని. చుట్ట పొగ గుప్పుమనేసరికి వాటికి ఆ పని మీరిపోతుంది. సాయం రమ్మని కేకేస్తాయి. ఆ కేకకు నెత్తురులోంచి ఇంకో జాతి కణాలు పరుగెత్తుకొస్తాయి, పోలీసుల్లాగా.

"వచ్చి?" అన్నాడు బావ.

"లాఠీచార్జి" అన్నాడు డాక్టరు గారు. "సంతలో దొంగ ఒక్కడే ఉంటాడు. దెబ్బలు మాత్రం సంతంతటికీ. పొగను కొట్టబోయి గది గోడల్నే కొడతాయవి. ఒక్క రోజైతే గోడలు తట్టుకుంటాయి. మీరు రోజూ దొంగను సంతలోకి తోలుతున్నారు."

కొట్టీ కొట్టీ గోడలు కూలి, చిన్న గదులన్నీ కలిసిపోయి ఖాళీ కొట్టాలు అయిపోయాయని, అందుకే లోపలికి పోయిన గాలి బయటికి రాలేక అవస్థ పడుతోందని చెప్పాడు. ఆ లాఠీ పేరు ఆక్సిడెంటు అట. పొగలోనూ అవి ఉంటాయి, ఆ పోలీసు కణాలు విసిరేవీ అవే. వాటికి అడ్డుపడేవి ఒంట్లో కొన్ని తయారవుతాయి, కొన్ని తిండిలోంచి రావాలి. ఉసిరికాయ, జామకాయ, నిమ్మకాయ, ఆకుకూరలు. పొగ తాగేవాళ్ల ఒంట్లో అవి తొందరగా ఖర్చయిపోతాయి కాబట్టి వాళ్లు మామూలు మనిషి కంటే ఎక్కువే తినాలి. వాటిని యాంటీ ఆక్సిడెంట్లంటారు.

మా బావ నిటారుగా కూర్చున్నాడు. ఆయన పరువుకు సంబంధించిన మాట వినపడింది మరి.

"యాంటీ యాక్సిడెంటా? డాక్టరు గారూ... నా సర్వీసు మొత్తంలో... ఒక్క యాక్సిడెంటు..."

"చెయ్యలా. కోడిపిల్లని కూడా తొక్కలా" అని పూర్తి చేసింది మా అక్క, ఆ ఒక్కసారి సరిగ్గానే.

డాక్టరు గారు యాక్సిడెంటు కాదు, ఆక్సిడెంటు అని విడదీసి పలికాడు. పలికి, "అయినా మీరన్నదీ ఒప్పే. లోపల రోజూ జరుగుతున్నది యాక్సిడెంటే" అన్నాడు.

"అయితే అవన్నీ తింటే తగ్గుద్దా సార్?" అన్నాను నేను.

"తగ్గదు బాబాయ్. కూలిన గోడ లేవదు. తిండితో ఈ జబ్బు నయమవుతుందని ఇంకా ఎవరూ తేల్చలేదు, నేనూ చెప్పను. మంచి తిండి ఒంటికి బలం, అంతే. మందల్లా చుట్ట ఆపడమే. ఆపితే మిగిలిన గోడలన్నా నిలుస్తాయి." మా అక్క వైపు తిరిగి, "పథ్యం జామకాయకు కాదమ్మా పెట్టాల్సింది, చుట్టకు" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. మంచి మనిషి. ఆ మాట ఎక్కడ తగిలిందో ఆయనకు తెలియదు. కూలిన గోడ లేవదన్న ముక్క ఈనాటి టీవీ పిల్ల మాత్రం చచ్చినా చెప్పదు.

మధ్యాహ్నం భోజనాలు మా ఇంట్లో. డాక్టరు చెప్పింది నా నోట విని, మా ఇంటావిడ అప్పటికప్పుడు గోంగూర పచ్చడి నూరి, ఉల్లిపాయ కోసి, ఇద్దరి విస్తళ్లలోనూ వేసింది. బావ దాని వంక చూసిన చూపు నాకింకా గుర్తు. కొత్త పెళ్లికొడుకు చూపు. చెయ్యి చాచాడు.

మా అక్క విస్తరి ముందు కూర్చుంది కానీ చెయ్యి పెట్టలేదు.

"తినక్కా" అన్నాను.

"ఒరేయ్, ఇన్నేళ్లూ నేను పెట్టిన తిండేనంట్రా ఆయన ఊపిరిని తినేసింది?"

విస్తరి కాస్త ముందుకు నెట్టింది.

"బలం ఉన్నదల్లా ఏరి పారేసి, గడ్డి పెట్టా. జొరమొచ్చి నోరు చేదుగా ఉందని ఒకనాడు నిమ్మకాయ బద్ద అడిగాడురా. కళ్లెర్రజేశా. పెట్టలా."

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను ఉపన్యాసం చెబుతాను, అది నా జబ్బు. ఆ వైద్యుణ్ని, ఆయనకు విద్య నేర్పినవాణ్ని, ఆ చూర్ణాన్ని, పొగాకును కలిపి తిట్టాను. నా తిట్లు ఆమె చెవికెక్కలేదు. ఆమెకు వైద్యుడితో తగాదా లేదు. తన చేతుల వంక చూసుకుంటోంది. అగ్గిపుల్ల గీసి ఇచ్చింది కూడా ఆ చేతులేనని ఆమెకు అప్పుడు తట్టిందో లేదో నాకు తెలియదు. నేను ఎత్తలేదు.

బావ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పచ్చడి ఉన్న వైపు విస్తరాకు మడిచాడు.

"అమ్మా, బీరకాయ... ఉందా?" అన్నాడు మా ఇంటావిడతో.

"ఏంది బావా ఇది! డాక్టరు తినమన్నాడు గదా?"

"మా మేస్త్రీ... ఒక మాట చెబుతాడు బామ్మర్దీ. బండి మొరాయిస్తే... ఒకేసారి రెండు పార్టులు మార్చొద్దని. మారిస్తే... బండి లేస్తది. లేచినా... తప్పు ఏ పార్టుదో... జన్మలో తెలవదు." ఆ నాలుగు మాటలకు ఆయనకు చాలాసేపు పట్టింది. మా అక్క మధ్యలో అందుకోలేదు. "చుట్ట ఒక్కటే మారుస్తా. కూడు ఇదే తింటా. నాకు నయమైతే... తప్పు చుట్టది. దీనిది కాదు" అని గడ్డంతో మా అక్కను చూపించాడు.

జేబులో ఉన్న చుట్టలు తీసి నా చేతిలో పెట్టాడు. బతిమాలినా మానని మనిషి, బెదిరించినా మానని మనిషి. ఆయాసంతో లోడు మీద కూర్చుండిపోయిన నాడు కూడా అక్కడే ఒకటి వెలిగించిన మనిషి. తన ఊపిరి కోసం కాదు, పెళ్లాం మీద పడ్డ నేరం కొట్టేయించడానికి మానాడు.

నాకు సంతోషమూ, మంటా రెండూ కలిగాయి. మర్నాడు డాక్టరు గారి దగ్గరికి పోయి మొత్తుకున్నాను. "మీరన్నా చెప్పండి సార్, ఆ మొండాయనకి. జామకాయ తింటే ఏం పోయింది?" ఆయన విన్నాడు.

"చుట్ట మానతానన్నాడు కదా, మాననివ్వండి. జామకాయ కొన్నాళ్లు ఆగుతుంది బాబాయ్. చుట్ట మానడం ఆగదు" అన్నాడు.

పరిశోధన అంటే ఇట్లాగే ఒక్కటి మార్చి మిగతావన్నీ మార్చకుండా చూస్తారని తర్వాత ఎక్కడో చదివాను. కానీ ఒక్క లారీ డ్రైవరుతో, ఒక్క పెళ్లాంతో చేసేదాన్ని పరిశోధన అనరు. సంసారం అంటారు.

ఇక దాచేపల్లిలో ఆ ఇంట్లో యుద్ధం చూడాలి. అంతకుముందు ఆమె వద్దనేది, ఆయన ఆశపడేవాడు. ఇప్పుడు ఆమె పెట్టబోతుంది, ఆయన మొహం తిప్పుకుంటాడు. జామకాయలు కోసి ఉప్పు చల్లి మంచం పక్కన పెట్టేది. సాయంత్రానికి ముక్కలు ఎండిపోయి ఉండేవి. పక్కింటామె చేత చెప్పించింది, మేస్త్రీ చేత చెప్పించింది. మేస్త్రీ మాత్రం తన మాటకు ఇంత విలువ దక్కినందుకు మురిసిపోయి, బావ వైపే వాదించేవాడు. నేను అక్కడున్నప్పుడే ఒక మధ్యాహ్నం మిరియాల చారు గ్లాసులో పోసి ఇచ్చింది. బావ ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నిమ్మకాయ... పిండావు."

"పిండలా."

"సాక్షిని కొనేస్తున్నావే. కోర్టులో... తెలిస్తే..."

"నీ కోర్టు తగలబడ! తాగు."

తాగలేదు. ఆ చారు నేను తాగాను. బాగుంది.

చుట్ట మానిన కొత్తలో ఆయనతో వేగడం కష్టమయ్యేది. చొక్కా గుండీ ఊడితే అరిచేవాడు, కోడి కూస్తే అరిచేవాడు. అరిచి దగ్గేవాడు. సోంపు గింజలు నమిలేవాడు. "స్టీరింగు పట్టుకుంటే... కుడి చెయ్యి పనిలేనోడి మాదిరి... ఊగులాడతందిరా" అనేవాడు నాతో. ఒకరోజు ముందుగా చుట్ట వాసన రాకుండా మనిషే ఇంట్లోకి వచ్చేసరికి, మా అక్క దొంగెవడో అనుకుని అట్లకాడ ఎత్తి కేకేసిందట. ఆయన అక్కడే నిలబడి, "నేనేనే" అన్నాడట. ఆ సంగతి చెబుతూ మా అక్క నవ్వింది కానీ, ఆ నవ్వులో ప్రాణం లేదు. తీర్పు ఇంకా రాలేదు కదా.

రాకపోగా దగ్గు ఎక్కువైంది. నల్లటి కఫం పడుతోంది. మా అక్క బెదిరిపోయి పొద్దున బస్సుకే పేటకు వచ్చి నా కొట్టు ముందు నిలబడింది.

"ఒరేయ్, చూడు. చుట్ట మానినా దగ్గు పెరిగింది. అంటే తప్పు చుట్టది కాదురా. నాదే."

"అక్కా..."

"పోనీ ఒక్కటి ఇద్దామంట్రా? కఫాన్నన్నా కోస్తది."

నేను కొట్టు అదిరేట్టు అరిచాను. కోర్టుకు పోయే ప్లీడర్లు తిరిగి చూశారు. ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు గారి దగ్గరికి నడిచాను. ఆయన ఆమెకు కుర్చీ వేయించి, అడిగాడు.

"అమ్మా, ఏళ్ల తరబడి చీపురు తగలని కొట్టం ఊడిస్తే ఏమవుతుంది?"

"దుమ్ము లేస్తది."

"ఇదీ అంతే. పొగకు స్పృహ తప్పి పడున్న చీపుళ్లు ఇప్పుడే లేచాయి లోపల. పాత మసి ఊడుస్తున్నాయి. కొన్నాళ్లు ఊడ్చనివ్వండి."

ఊడవడం గురించి మా అక్కకు ఎవరూ చెప్పక్కర్లేదు. తల ఊపింది. బస్సెక్కేముందు, "మరి ఆ మాట ముందే చెబితే ఏం పోయిందిరా, మీ చదువుకున్నోళ్లకి" అంది. నన్ను చదువుకున్నవాళ్లలో కలిపిన మనిషి నా జన్మలో ఆమె ఒక్కతే.

వానలు మొదలయ్యాక నేను దాచేపల్లి వెళ్లాను. బస్సు దిగేసరికి బావ స్టాపులో నిలబడి ఉన్నాడు. నా సంచి లాక్కున్నాడు. వాళ్లింటికి దారి కొంచెం ఎత్తెక్కాలి. ఆయన మెల్లగానే నడిచాడు, కానీ ఎక్కడా ఆగలేదు. ఆగుతాడేమోనని నేనే రెండు మూడుసార్లు ఆగాను. మేస్త్రీ తన షెడ్డులోంచి తల బయటపెట్టి, "అన్నా, ఇంజను సౌండు తగ్గిందే!" అని కేకేశాడు.

ఇంట్లో కూర్చున్నాక బావ ఏదో చెప్పబోయాడు. "మొన్న పిడుగురాళ్ల దగ్గర..." అని, మంచినీళ్ల చెంబు కోసం చెయ్యి చాచి ఒక్క క్షణం ఆగాడు. మా అక్క అలవాటు కొద్దీ అందుకుంది.

"ఆయాసమొచ్చి బండి ఆపేశాడు."

"ఆయాసమొచ్చి కాదే! నా మాట నన్ను చెప్పుకోనియ్యవేందే? చెడింది నా బండి కాదు, వెనకాలొచ్చే బండి. టైరు పంచరైతే నేను దిగిపోయి, వాడికి జాకీ ఇచ్చి, ఎట్టా ఎత్తాలో చెప్పి, ఆ కుర్రముండాకొడుకుని నాలుగు తిట్టి, మళ్లీ ఎక్కి ఇంటికొచ్చా. తెలిసిందా?"

ఆ మాటలన్నీ ఆయన ఎక్కడా ఆగకుండా అన్నాడని మొదట గమనించింది మా అక్క. చెంబు చేతిలోనే ఉండిపోయింది.

"విన్నావుగా బామ్మర్దీ" అన్నాడు బావ, మెల్లగా. "బీరకాయ అదే. వాము నీళ్లు అవే. మార్చింది ఒక్క పార్టే."

"అయితే నా కూడు నిన్ను చంపలేదంటావు" అంది మా అక్క.

"చంపితే ఇట్టా అరిచేవాణ్నా? నీ కూడు తినే బతికా. దానికి రుచి లేదన్నది వేరే కేసు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

నా మనసులో ఒక మాట ఉంది. డాక్టరు చెప్పిన నాటి నుంచే బాగా తిని ఉంటే ఇంకాస్త తేలిక పడేవాడేమోనని. కూలిన గోడలు కూలినట్టే ఉన్నాయి, ఆయన మళ్లీ లోడు మీదికి ఎక్కలేదు, ఆ ఎత్తు దారి ఎన్నడూ వేగంగా నడవలేదు. ఒక మనిషి తన పెళ్లాం మీద పడ్డ కేసు తానే వాదించి తానే కొట్టేస్తే, దాన్ని ఏ డాక్టరూ రుజువు అనడు. ఆ మాట ఆనాడు నేను అక్కడ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను, బాధపడడానికి వాళ్లిద్దరూ లేరు గనక.

లోపల రోలు చప్పుడు వినపడింది. గోంగూర పక్కింటి దొడ్లోంచి వచ్చిందని తర్వాత తెలిసింది. జొన్నన్నం, పచ్చడి, పచ్చి ఉల్లిపాయ. ఏళ్ల తర్వాత ఆ గడప లోపల పులుపు వాసన. బావ పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని నమిలాడు. మింగబోతూ పొలమారి, మొహం ఎర్రబడి, దగ్గు మీద దగ్గు.

మా అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. బావ కారం, కారం అన్నట్టు విస్తరి వైపు చూపిస్తూ చెయ్యి ఊపాడు. ఆమె లేచి వెళ్లి, ఆయన మాడు మీద అరచేత్తో మెల్లగా తట్టింది.

"ఎవరో తలుచుకుంటున్నారయ్యా" అంది.

బావ నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, ఆమె వంక చూశాడు.

"ఇంకెవరే? చుట్టల కొట్టోడు. బేరం పోయె గదా."

మా అక్క నవ్వింది. నవ్వుతూనే ఆయన పక్కన కూలబడి, ఆయన విస్తట్లోంచే పచ్చడి తీసుకుని, ముద్ద కలుపుకుని, నోట్లో పెట్టుకుంది.